రాక్షసుడు పొదిగిన గుడ్డు

పూర్వం నీలగట్టు రాజ్యంలో, రాజధానికి ఆనుకుని ఒక పెద్ద చెరువు ఉండేది. దాని నడుమ గడ్డి దట్టంగా పెరిగిన మట్టి దిబ్బ ఒకటి ఉండేది. ఏటా చలి వెనకబట్టగానే ఉత్తరపు కొండల నుంచి అడవి బాతులు జంటలు జంటలుగా వచ్చి, ఆ దిబ్బ మీద గూళ్ళు కట్టుకుని, గుడ్లు పొదిగి, పిల్లల్ని పెంచి, వాటికి రెక్కలొచ్చాక వెంటబెట్టుకుని వెళ్ళిపోయేవి.

ఆ చెరువుకు నీరటి పోలన్న. తూము తెరవడం, మూయడం, ఏ పొలానికి ఎంత నీరు పోవాలో చూడడం నీరటి పని. తూము పక్కనున్న రాతి స్తంభం మీద ఒక గాటు ఉండేది. దాన్ని అందరూ బాతుగాటు అనేవారు. దిబ్బ మీద గుడ్లు ఉన్నన్నాళ్ళూ నీళ్ళు ఆ గాటు కిందికి దిగకూడదు. ఇది పోలన్న తాతల నాటి కట్టుబాటు. నీళ్ళు దిగితే దిబ్బకూ గట్టుకూ మధ్య నేల తేలుతుంది, నక్కలకు బాట పడుతుంది.

పోలన్నకు పన్నెండేళ్ళ కూతురు తుంగ, నాలుగేళ్ళ కొడుకు చిట్టెన్న. తుంగకు బాతుల పిచ్చి. పొద్దున్నే తండ్రి పక్కన గట్టు మీద కూర్చుందంటే తల్లి సీతాలు వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోతే తప్ప కదిలేది కాదు. తల్లి బాతు గుడ్లతో గొణుగుతూ మాట్లాడుతుందనీ, పిల్ల గుడ్డులో ఉండగానే ఆ గొంతు నేర్చుకుంటుందనీ ఆ పిల్లకు తెలుసు. పుట్టిన మర్నాడే తల్లి ముందు, తండ్రి వెనక, నడుమ పిల్లలు వరసగా నీళ్ళలోకి దిగుతాయనీ తెలుసు. చదువంటే ఇదే అయితే తుంగను మించిన పండితులు ఆ రాజ్యంలో లేరు.

ఇలా ఉండగా రాజు కీర్తిధరుడికి ఒక ముచ్చట పుట్టింది. రాకుమారుడి ఆరో పుట్టినరోజుకు తోటలో కొత్త కొలను తవ్వించి, దాంట్లో బంగారు పడవ తిప్పాలని. కొలనుకు నీళ్ళు కావాలి కదా! ఒక్క రోజు తూము తెరవమని భటుడు వచ్చి చెప్పాడు. నీళ్ళు గాటు దగ్గరికి వచ్చేశాయని పోలన్న అన్నాడు. రాజాజ్ఞ అని భటుడన్నాడు. పోలన్న తల గోక్కుని, స్తంభాన్ని చూసి, తన వేళ్ళతో కొలుచుకున్నాడు.

తుంగ వద్దని తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నాలుగు వేళ్ళే కదే తల్లీ. రేప్పొద్దున్నే మూసేస్తాను. నాలుగు వేళ్ళకు ఏం మునిగిపోతుంది?" అన్నాడు పోలన్న.

మునిగిపోవడం కాదు, నేల తేలిపోయింది. మర్నాడు ఉదయం చూస్తే దిబ్బ నుంచి గట్టు దాకా బురద మీద నక్కల అడుగులున్నాయి. గూళ్ళన్నీ చెదిరిపోయాయి, ఒక్క గుడ్డూ మిగల్లేదు. బాతులు చెరువు చుట్టూ మూడుసార్లు తిరిగి, అరుచుకుంటూ ఉత్తరానికి ఎగిరిపోయాయి.

అప్పుడు నీళ్ళలోంచి ఆ చెరువును కాచే యక్షిణి పైకి వచ్చింది. ఆమె ముఖం చూసి గట్టు మీదున్నవాళ్ళందరూ చేతులు జోడించారు.

"గొంతు విని వెంట వచ్చే బిడ్డలు లేకుండా చేశారు ఈ తల్లులకు. ఇక నుంచి ఈ రాజ్యంలో పదేళ్ళు నిండని ఏ బిడ్డకూ తన తల్లి గొంతు గుర్తుండదు" అంది యక్షిణి. అందరూ కాళ్ళా వేళ్ళా పడ్డాక కొంచెం మెత్తబడి, "ఆ దిబ్బ మీద మళ్ళీ బాతుపిల్లలు పుట్టి, పెరిగి, రెక్కలు విప్పి పైకి లేచిన పూట శాపం తీరుతుంది. వల వేసి తెచ్చినా, పంజరంలో తెచ్చినా చెల్లదు. బాతులు వాటంతట అవే రావాలి" అని చెప్పి మునిగిపోయింది.

శాపమంటే పిల్లలు రాళ్ళయిపోవడమో, చిలకలైపోవడమో అనుకునేరు. అలాంటిదేం లేదు. పిల్లలు ఎప్పటిలాగే ఆడుకున్నారు, తిన్నారు, నిద్రపోయారు. తల్లి పిలిస్తే మాత్రం పలకలేదు. రాణిగారు పిలిస్తే రాకుమారుడు దారిన పోయేవాళ్ళను చూసినట్టు చూసి పడవలో ఆడుకోసాగాడు. చిట్టెన్న ఆకలేస్తే ఏ గడప కనబడితే ఆ గడపలో కూర్చుని, ఎవరు పెడితే వారి చేతి ముద్ద తినేవాడు. వాడికి దిగులేం లేదు. దిగులంతా సీతాలుదే. పూటపూటా వాకిట్లోకి వచ్చి, "ఒరే చిట్టెన్నా, అన్నానికి రారా" అని పిలిచేది. జవాబు లేకపోతే కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి పోయేది. పోలన్న ఆ పిలుపు వినలేక తూము దగ్గరే పడుకోసాగాడు.

బాతుల్ని రప్పించినవారికి అర్ధరాజ్యం ఇస్తానని రాజు చాటింపు వేయించాడు. ఏం కష్టం వచ్చినా రాజులకు ముందు తోచేది అర్ధరాజ్యమే. పిట్టలు పట్టేవాళ్ళు, మంత్రాలు వేసేవాళ్ళు చాలామంది బయలుదేరి, పదిహేను రోజులు తిరక్కుండానే కాళ్ళీడ్చుకుంటూ వచ్చేశారు.

అప్పుడు తుంగ, నేను వెళతానని తల్లిదండ్రులతో చెప్పింది. తప్పు తనది కనుక తానే పోతానన్నాడు పోలన్న.

"నువ్వు పోతే తూము ఎవరు చూస్తారు నాన్నా? నేను వచ్చేసరికి నీళ్ళు గాటు మీదుండాలి. నీ పని అది" అంది తుంగ. సీతాలు అటుకులు, బెల్లం మూటగట్టి ఇచ్చింది. బాతుల్ని పిలవడానికి ఒక రెల్లు పిల్లనగ్రోవి కూడా తీసుకుని, తుంగ ఉత్తర దిక్కుగా నడిచింది.

మూడు రోజులు నడిచాక చీకటి కోన అనే అడవి వచ్చింది. దాంట్లో ఒక మద్దిచెట్టు కింద, ఎండుగడ్డి పోగు మీద, కడవలంత చెవులున్న రాక్షసుడు కూర్చుని ఉన్నాడు. పేరు ఘటకర్ణుడు. తుంగను చూడగానే, "ఒక్క అడుగు వేశావంటే కరకర నమిలేస్తా" అని గర్జించాడు.

తుంగ ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా ఒక సంగతి గమనించింది. రాక్షసుడు గర్జిస్తున్నాడే గాని లేవడం లేదు. కూర్చున్నచోటి నుంచి బెదిరించే రాక్షసుడి గురించి నేనూ ఇంతవరకు వినలేదు.

"నమలాలంటే లేచి రావాలి కదయ్యా" అంది తుంగ.

"లేవలేను పిల్లా. కింద గుడ్డుంది" అన్నాడు ఘటకర్ణుడు, గొంతు తగ్గించి.

సంగతేమిటంటే, పద్దెనిమిది రోజుల కిందట ఒక నక్క ఎక్కడి నుంచో గుడ్డు తెచ్చి ఆకుల కింద దాచిపోయింది. రాక్షసుడు దాన్ని తిందామని తీశాడు. అంత పెద్ద చెవులు కదా, గుడ్డు లోపల టిక్కుటిక్కుమని కొట్టుకోవడం వినిపించింది. నోట్లో వేసుకోబుద్ధి కాలేదు. చల్లబడితే ఆ చప్పుడు ఆగిపోతోందని తొడ కింద పెట్టుకున్నాడు. అప్పటి నుంచి లేవలేదు. చేతికందిన ఆకులు తిని బతుకుతున్నాడు. తోటి రాక్షసులకు తెలిస్తే తల ఎత్తుకోలేనని వాపోయాడు.

తుంగ ఆ గుడ్డు చూసింది. దాని మీద ఎర్రమట్టి మరక, తమ దిబ్బ మట్టే. ఆమె కళ్ళు చెమర్చాయి. గుడ్డును రోజూ తిప్పావా, దాంతో మాట్లాడావా అని అడిగింది.

"తిప్పాను. మాట్లాడాను కూడా. ఏ దున్నపోతు ఎంత రుచిగా ఉందో అంతా చెప్పాను. నాకింకేం మాటలు వచ్చు?" అన్నాడు రాక్షసుడు.

ఆ సాయంత్రమే పెంకు మీద చిన్న పగులు కనబడింది. మర్నాడు పొద్దెక్కేసరికి తడిసిన పసుపుపచ్చ పిల్ల ఒకటి బయటికొచ్చి, కోరల కేసి, కడవ చెవుల కేసి ఒకసారి చూసి, ఇంతకంటే చక్కని తల్లి లేదనుకుని రాక్షసుడి బొటనవేలికి ఆనుకుని పడుకుంది. తుంగ దాన్ని ఒళ్ళోకి తీసుకుంటే గీపెట్టి వాడి దగ్గరికే పరుగెత్తింది.

"మామా, నువ్వూ రావలసిందే. దీన్ని దీని కులం దగ్గరికి చేర్చాలి" అంది తుంగ.

ఘటకర్ణుడికి ఆకాశగమనం వచ్చు. పిల్లను అరచేతిలో పెట్టుకుని పైకి లేచాడు. పై గాలికి పిల్ల గజగజ వణికింది. వెంటనే దిగిపోయి, నడిచే పోదామన్నాడు. అడుగుకొకసారి ఆగి పిల్ల గడ్డి కొరుక్కునేది. అది కొరికినంతసేపూ రాక్షసుడు కొండలా నిలబడి కాపలా కాసేవాడు. తుంగ ముందు, పిల్ల నడుమ, రాక్షసుడు వెనక, ముగ్గురూ అడవి దాటారు.

తర్వాత పసుపు బీడు వచ్చింది. దాన్ని ఏలేది తెల్లతోక నక్క. ఆ బీడులో కాలు పెట్టిన రాక్షసులకు బలం పోతుంది. ఘటకర్ణుడు కుంచించుకుపోయి మనిషంత అయిపోయాడు. తెల్లతోక నక్క దారికి అడ్డంగా వచ్చి కూర్చుని, "ఆ గుడ్డు నా బంటు దాచుకున్నది. మా సొత్తు మాకిచ్చి పోండి" అంది.

ఘటకర్ణుడు బిక్కచచ్చిపోయి, ఇప్పుడేం చెయ్యాలని తుంగను అడిగాడు. గూడు కాచే మగ బాతుకు మాత్రం ఏం బలముందని? కోరల్లేవు, గోళ్ళు లేవు. మెడ కిందికి వంచుతుంది, రెక్కలు చాపుతుంది, బుసకొడుతుంది, వెనక్కి మాత్రం పోదు. అలా చెయ్యమని చెప్పింది తుంగ. రాక్షసుడు మెడ వంచాడు, చేతులు చాపాడు, బుసకొట్టాడు. నక్క ఎటు తిరిగితే అటు తిరిగాడు. మధ్యాహ్నం నుంచి పొద్దువాలేదాకా అలాగే నిలిచాడు. పిల్ల మాత్రం వాడి కాళ్ళ మధ్య హాయిగా నిద్రపోయింది. చివరికి నక్కే విసిగిపోయి, ఇంత తంటాకు తగిన మాంసం దాంట్లో లేదని గొణుక్కుంటూ దారి వదిలింది.

బీడు దాటగానే ఘటకర్ణుడు మళ్ళీ ఎప్పటంత అయ్యాడు. మంచుకొండ మొదట్లో భుజాల మీద పిచ్చుకలు వాలిన ముని ఒకాయన కనిపించాడు. బాతుల్ని ఎలా తీసుకుపోతావని అడిగాడు. తుంగ అటుకుల మూట, పిల్లనగ్రోవి చూపించింది. తిండి పెట్టి మచ్చిక చేస్తాననీ, గొంతు అనుకరించి పిలుస్తాననీ చెప్పింది.

"అంటే వల లేకుండా వల వేస్తానంటావు. అవి ఇక్కడ పెట్టి వెళ్ళు తల్లీ" అన్నాడు ముని.

తుంగ సిగ్గుపడి రెండూ ఆయన పాదాల దగ్గర పెట్టింది. ముని ఆమె చెవిలో విభూతి ఊది, పక్షుల మాట తెలిసి, పలకగలిగే వరమిచ్చాడు.

కొండ దాటితే పాలకొలను. వందల బాతులున్నాయి. పిల్ల నీళ్ళు చూడగానే సంబరంగా కూసింది. ఆ కూత విని మెడ మీద నల్ల చారలున్న పెద్ద బాతు ఒకటి దూసుకువచ్చి, పిల్ల చుట్టూ తిరిగింది. పిల్లకూ ఆ గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది. మొదటి పది రోజులూ గుడ్డులో విన్నది ఆ గొంతే మరి.

"ఇది నా బిడ్డే. ఆ రోజు నీళ్ళు దించింది ఎవరు?" అంది తల్లి బాతు.

"మా నాన్న. రాజు అడిగాడు, మా నాన్న దించాడు. నాలుగు వేళ్ళు" అంది తుంగ. అబద్ధం చెప్పాలన్న ఆలోచన ఆమెకు రాలేదు.

"మేము వస్తే నువ్వేం చేస్తావు?"

"ఏం చెయ్యను. గట్టు మీద కూర్చుని చూస్తాను."

తల్లి బాతు పిల్ల చుట్టూ మరోసారి తిరిగింది. తర్వాత ఘటకర్ణుడి కేసి చూసి, ఎగరగలిగినవాడు ఇంత దూరం నడిచి ఎందుకొచ్చాడని అడిగింది. తుంగ ఆ ప్రశ్న వాడికి చెప్పింది. రాక్షసుడు నేలచూపులు చూస్తూ, "పిల్లకు ఇంకా రెక్కలు రాలేదు కదా" అన్నాడు.

"మేమూ అంతే. పిల్లలు పెరిగే రోజుల్లో మా రెక్కల ఈకలు రాలిపోతాయి. వాటితో పాటే మళ్ళీ మొలుస్తాయి. ఈయన్ని చూశాక ఒకసారి నమ్మబుద్ధి అవుతోంది. నేనూ మా ఆయనా వస్తాం. ఒక్క జంటే. నీళ్ళు మళ్ళీ గాటు దిగితే మాత్రం ఈ జన్మలో మీ చెరువు ముఖం చూడం" అంది తల్లి బాతు.

ఎగరలేని పిల్ల రాక్షసుడి వెంటే ఉండిపోయింది. తుంగ వాళ్ళు వచ్చిన దారినే నడిచి ఇల్లు చేరేసరికి బాతుల జంట దిబ్బ మీద గూడు కట్టేసింది. దాంట్లో అయిదు గుడ్లున్నాయి. రాక్షసుణ్ణి చూసి జనం తలుపులు వేసుకున్నారు. వాడు చెరువు అవతలి గట్టున మూలగా కూర్చుని, పిల్ల చేత ఈత కొట్టించడం చూశాక ఒక్కొక్కరే తలుపులు తీశారు.

పోలన్న కూతురు చెప్పిన మాట నిలబెట్టాడు. తూము మూసి, రైతులకు చేతులు జోడించి చెప్పి, బావుల నీళ్ళతో పొలాలు నడిపించాడు. కానీ ఎండలు మండిపోయాయి. నీళ్ళు తూము నుంచి పోకపోయినా ఆవిరై పోతున్నాయి. గుడ్లు పగలడానికి ఇంకా నాలుగు రోజులున్నాయనగా నీళ్ళు గాటును తాకాయి.

పోలన్న తలపాగా సరిచేసుకుని నేరుగా రాజసభకు వెళ్ళాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి సభలో నోరు విప్పింది లేదు.

"ప్రభూ, ఆ రోజు నేను దించిన నాలుగు వేళ్ళ నీళ్ళు మీ తోట కొలనులో ఉన్నాయి. అవి చెరువుకు తిరిగి కావాలి" అన్నాడు.

రాజు సింహాసనం దిగి, పట్టుబట్ట పైకి దోపుకుని, కొలను దగ్గరికి నడిచాడు. మొదటి కడవ ఆయనే ముంచాడు. పట్టణంలో కడవలు, బిందెలు, గంగాళాలు ఎన్నున్నాయో అన్నీ వచ్చాయి. బాతులు బెదరకుండా అందరూ మాటలు మాని నడిచారు. నాలుగు రోజుల్లో బంగారు పడవ బురదలో కూర్చుంది. చెరువులో నీళ్ళు గాటుకు బొటనవేలంత పైనే నిలిచాయి.

అయిదో రోజు పొద్దున్నే తల్లి ముందు, తండ్రి వెనక, నడుమ అయిదు పిల్లలు వరసగా దిబ్బ దిగాయి. రాక్షసుడి పిల్ల కాసేపు ఆలోచించి, ఈదుకుంటూ పోయి వరసలో ఆరోదిగా చేరింది. ఆ సాయంత్రం నిద్రకు మాత్రం ఘటకర్ణుడి దగ్గరికే వచ్చింది.

ఇక రాజ్యానికంతా అదే పని. తుంగ ఎలా కూర్చోవాలో చెప్పేది, ఎక్కడ నవ్వు ఆపుకోవాలో చెప్పేది. మంత్రి తుమ్మితే రాజే కళ్ళు ఉరిమి చూశాడు. పిల్లలు తల్లి రెక్కల కింద దూరడం, తండ్రి తినకుండా మెడ ఎత్తి కాపలా కాయడం, వెనకబడ్డ పిల్ల కోసం అందరూ ఆగడం చూస్తూ జనం పొద్దు మరిచిపోయేవారు. పెద్ద బాతుల రెక్కల ఈకలు రాలి గట్టుకు కొట్టుకొచ్చాయి. చిట్టెన్న, రాకుమారుడు వాటిని ఏరుకుని తలలో గుచ్చుకున్నారు. వాళ్ళ తల్లులు కొంచెం దూరంలో కూర్చుని బాతుల్ని కాసేపు, బిడ్డల్ని కాసేపు చూసేవారు. కొన్నాళ్ళకు సీతాలు చూడలేక గట్టు మీదికి రావడం మానేసింది.

తొలకరి పడిన నాలుగో వారం ఉదయం, తల్లి బాతు కొత్త ఈకలు విదిలించి నీళ్ళ మీద పరుగు తీసింది. వెనక ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు పిల్లలు పైకి లేచాయి. ఆరోది లేవలేదు. గట్టు మీదున్న రాక్షసుడి కేసి చూస్తూ నీళ్ళలో గుండ్రంగా తిరగసాగింది.

"మామా, నువ్వు లేస్తేనే అది లేస్తుంది" అంది తుంగ.

మూడు నెలలుగా నేల వదలని ఘటకర్ణుడు నెమ్మదిగా గాలిలోకి లేచాడు. పిల్ల ఒక్క ఉదుటున వాడి వెనకే ఎగిరింది. వాడి కడవ చెవుల మీదుగా కన్నీళ్ళు చెరువులో పడడం తుంగ చూసింది.

గట్టు మీద రాకుమారుడు తలలోని ఈక తీసి, "అమ్మా, చూడు" అంటూ రాణి ఒడిలోకి పరుగెత్తాడు. చుట్టూ ఎక్కడ చూసినా అదే పిలుపు. రాజు కళ్ళు తుడుచుకుని అర్ధరాజ్యం మాట ఎత్తాడు. తనకు రాజ్యం వద్దనీ, బాతుగాటు కింద నీళ్ళ మీద రాజాజ్ఞ కూడా చెల్లదని రాయించి, తండ్రి తర్వాత తనను నీరటిని చేస్తే చాలనీ తుంగ చెప్పింది. రాజు ఆ మాటను అక్కడే, ఆ స్తంభం మీదనే చెక్కించాడు. ఆ ఏడు మొదలు బాతులు మళ్ళీ మందలుగా వచ్చాయి. వాటి వెనక ఏటా ఒక రాక్షసుడు కూడా వచ్చేవాడు.

కానీ ఆ ఉదయం తుంగ రాజు మాట పూర్తిగా వినలేదు. ఇంటికి పరుగెత్తింది. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చిన సీతాలుకు ఇంకా ఏమీ తెలియదు. అలవాటు కొద్దీ వాకిట్లో నిలబడి, ఎదురు చూపేమీ లేకుండా, "ఒరే చిట్టెన్నా, అన్నానికి రారా" అని పిలిచింది.

వీధి చివర బురదలో ఆడుకుంటున్న చిట్టెన్న తల కూడా ఎత్తలేదు.

"ఉండవే అమ్మా, వస్తున్నా" అని విసుక్కున్నాడు.